తొలి కంప్యూటర్ నెట్‌వర్కులు - మధ్యవర్తి చట్టబాధ్యత: ఒక చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:
ఒకరు రాసిన మాట మరొకరి కంప్యూటర్‌లో నిలిచి, వేలాదిమందికి చేరి, మూడో వ్యక్తికి హాని కలిగిస్తే చట్టం ఎవరిని ప్రశ్నించాలి? కంప్యూటర్ నెట్‌వర్కుల తొలి దశాబ్దాలలో న్యాయస్థానాల ముందు, చట్టసభల ముందు నిలిచిన ఈ ప్రశ్న చరిత్రను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. తపాలా, పుస్తకవిక్రయం, పత్రికాప్రచురణ అనే మూడు పాత నమూనాలలో దేనిలోనూ నెట్‌వర్కు పూర్తిగా ఇమడలేదు. ఆ చిక్కు నుంచి అమెరికాలో 1996 నాటి చట్టం పుట్టిన తీరు, ఇంగ్లాండు, జర్మనీ, భారతదేశాలు వేరు మార్గాలు పట్టిన తీరు ఇందులో చర్చకు వస్తాయి. మధ్యవర్తి బాధ్యత హద్దులను సాంకేతికత నిర్ణయించలేదని, నష్టభారం ఎవరు మోయాలన్న విషయంలో ఆయా దేశాలు చేసుకున్న ఎంపికే వాటిని నిర్ణయించిందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: కంప్యూటర్ నెట్‌వర్కు, మధ్యవర్తి బాధ్యత, పరువునష్టం, భావప్రకటన స్వేచ్ఛ, సెక్షన్ 230, సమాచార సాంకేతిక చట్టం, సెక్షన్ 79.

1. ప్రస్తావన:
మాటను ఒకచోటి నుంచి మరొకచోటికి చేర్చేవారిని పాత చట్టం మూడు తరగతులుగా చూసింది. మొదటి తరగతి మోసేవారిది. తపాలాశాఖ, టెలిగ్రాఫు, టెలిఫోన్ సంస్థలు ఇందులోకి వస్తాయి. అడిగిన ప్రతివారి సందేశాన్నీ తేడా లేకుండా మోయడం వీరి విధి. లోపల ఏముందో చూసే అధికారం లేదు కనుక అందులోని మాటకు సాధారణంగా జవాబుదారీ కూడా లేదు. మూడో తరగతి అచ్చువేసేవారిది. పత్రిక సంపాదకుడు ప్రతి అక్షరాన్నీ చూసి, ఎంచి, ప్రచురిస్తాడు. అందువల్ల లేఖల శీర్షికలో పాఠకుడు రాసిన అపవాదుకు కూడా రచయితతో సమానంగా పత్రిక బాధ్యత వహించాలి. ఈ రెంటికీ నడుమ అమ్మేవారు ఉన్నారు. పుస్తకాల దుకాణం, గ్రంథాలయం, పత్రికల అంగడి ఈ రెండో తరగతికి చెందుతాయి. తాము అమ్ముతున్న దానిలో చట్టవిరుద్ధమైనది ఉన్నదని తెలిసినప్పుడు, లేదా తెలుసుకోవడానికి తగిన కారణం ఉన్నప్పుడు మాత్రమే వీరు దోషులవుతారు.

ఈ నడిమి తరగతికి అమెరికాలో రాజ్యాంగబలం 1959లో స్మిత్ వర్సెస్ కాలిఫోర్నియా తీర్పుతో వచ్చింది. అశ్లీల గ్రంథం దుకాణంలో దొరికితే చాలు, విక్రేతకు దాని సంగతి తెలిసినా తెలియకపోయినా శిక్షార్హుడేనన్న లాస్ ఏంజిల్స్ నగర శాసనాన్ని సుప్రీంకోర్టు కొట్టివేసింది. న్యాయమూర్తి విలియం బ్రెన్నన్ ఇచ్చిన కారణం గమనించదగినది. విక్రేత తాను చదివిన పుస్తకాలనే అమ్మవలసి వస్తే అతని అలమరాలు ఖాళీ అవుతాయి. అప్పుడు నష్టపోయేది విక్రేత ఒక్కడే కాడు. నిర్దోషమైన పుస్తకాలు కూడా పాఠకులకు అందకుండా పోతాయి. కంప్యూటర్‌తో ఏ సంబంధమూ లేని ఈ వాదమే మూడు దశాబ్దాల తరువాత నెట్‌వర్కు వ్యాజ్యాలకు ఆధారమైంది.

2. నియంత్రణసంస్థ గీసిన గీత:
కంప్యూటర్, టెలిఫోన్ తీగ కలిసినప్పుడు పుట్టే సేవ ఏ చట్టం కిందికి వస్తుందన్న చర్చను అమెరికా ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్ 1966లోనే ప్రారంభించింది. 1934 నాటి కమ్యూనికేషన్స్ చట్టం టెలిఫోన్ సంస్థలను మోసేవారిగా గుర్తించి, ధరలపైనా సేవలపైనా నియంత్రణ విధించింది. కంప్యూటర్ సేవలకూ అదే నియంత్రణ వర్తించాలా అన్నది కమిషన్ ముందున్న ప్రశ్న. 1971 నాటి మొదటి నిర్ణయం సమాచార ప్రసారాన్ని, సమాచార సంస్కరణను వేరుచేయబోయింది. కాని రెండూ కలగలిసిన సేవల దగ్గర ఆ గీత చెదిరిపోయింది. 1980 నాటి రెండో నిర్ణయం సేవలను ప్రాథమిక సేవలు, విస్తృత సేవలు అని విభజించి, మోసేవారికి వర్తించే నియంత్రణను మొదటివాటికే పరిమితం చేసింది.

టెలిఫోన్ గుత్తాధిపత్యం కొత్త రంగాన్ని మింగివేయకుండా చూడడం ఈ విభజన ఉద్దేశం. పరువునష్టం, అశ్లీలత కమిషన్ దృష్టిలో లేవు. అయినా దాని పర్యవసానం ఆ ప్రశ్నలను తాకింది. చందాదారులకు వార్తలు, చర్చావేదికలు, ఈమెయిల్ అందించే వాణిజ్యసేవలు విస్తృత సేవల వర్గంలో చేరాయి. అందరి మాటనూ మోసి తీరాలన్న విధి వాటికి లేకపోయింది. ఆ విధితో పాటు వచ్చే రక్షణ కూడా లేకపోయింది. మోసేవారు కానివారు అమ్మేవారా, అచ్చువేసేవారా అన్నది న్యాయస్థానాలకు మిగిలింది.

3. పరిశోధన నెట్‌వర్కుల క్రమశిక్షణ, దాని పరిమితి:
1969 అక్టోబరులో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ లాస్ ఏంజిల్స్ ప్రాంగణం నుంచి స్టాన్‌ఫర్డ్ పరిశోధనసంస్థకు తొలి సందేశం పంపిన ఆర్పానెట్ రక్షణశాఖ సొమ్ముతో నడిచింది. 1980లలో దాని తరువాతి స్థానం ఆక్రమించిన ఎన్ఎస్ఎఫ్‌నెట్ జాతీయ విజ్ఞానశాస్త్ర సంస్థ నిధులతో నడిచింది. పరిశోధనకు, విద్యకు తోడ్పడే వినియోగమే సమ్మతమని దాని వినియోగ విధానం నిర్దేశించింది. వాడుకరి ఎవరో, ఏ విశ్వవిద్యాలయానికి చెందినవాడో తెలిసిన వాతావరణం అది. తప్పుచేసిన వాడుకరిని అతని సంస్థే మందలించేది. చట్టం తలుపు తట్టవలసిన అవసరం అరుదుగా వచ్చేది.

1988 నవంబరు 2న కార్నెల్ విశ్వవిద్యాలయ పరిశోధక విద్యార్థి రాబర్ట్ మోరిస్ విడిచిన స్వయంవ్యాప్త ప్రోగ్రాం వేలాది కంప్యూటర్లను స్తంభింపజేయడంతో ఆ నమ్మకం సడలింది. కంప్యూటర్ మోసం, దుర్వినియోగాలపై 1986లో వచ్చిన చట్టం కింద అతడు దోషిగా తేలాడు. మూడేళ్ల పర్యవేక్షణ, 400 గంటల సమాజసేవ, 10,050 డాలర్ల జరిమానా శిక్షగా పడ్డాయి. ఇక్కడ చేసినవాడెవరో తెలుసు. కనుక బాధ్యత ప్రశ్న సూటిగానే తేలింది.

చేసినవాడొకడు, యంత్రం మరొకరిది అయినప్పుడు ఏం జరుగుతుందో 1990 మార్చి 1న టెక్సస్ రాష్ట్రంలోని ఆస్టిన్‌లో తెలిసింది. ఆటల పుస్తకాలు ప్రచురించే స్టీవ్ జాక్సన్ గేమ్స్ కార్యాలయంపై అమెరికా సీక్రెట్ సర్వీసు దాడి చేసి, బులెటిన్ బోర్డు నడిపే కంప్యూటర్‌ను స్వాధీనం చేసుకుంది. అనుమానం ఒక ఉద్యోగిపై. ఆ యంత్రంలో ఉన్నవి మాత్రం అచ్చుకు సిద్ధమవుతున్న పుస్తకం ప్రతులు, వాడుకరులు ఇంకా చదవని 162 ఉత్తరాలు. 1993లో ఫెడరల్ న్యాయమూర్తి శామ్ స్పార్క్స్ ఇచ్చిన తీర్పు రెండు చట్టాలను ఆశ్రయించింది. ప్రచురణకర్తల రాతప్రతులను కాపాడే 1980 చట్టం కింద సంస్థకు సుమారు 50 వేల డాలర్ల పరిహారం లభించింది. నిల్వ ఉన్న ఎలక్ట్రానిక్ ఉత్తరాలను కాపాడే 1986 చట్టం కింద ఫిర్యాదు చేసిన వాడుకరులకు తలా వెయ్యి డాలర్లు దక్కాయి. గదిలో ఉన్నది ఒక్క యంత్రమే. న్యాయస్థానం దానిలో ఒక అచ్చుశాలను, ఒక తపాలాపెట్టెను ఏకకాలంలో చూడవలసి వచ్చింది. పాత తరగతులు కలగలిసిపోయాయనడానికి ఇంతకంటె స్పష్టమైన సాక్ష్యం ఆ దశలో మరొకటి లేదు.

4. రెండు తీర్పులు, ఒక వైపరీత్యం:
ఒహాయో రాష్ట్రంలోని కొలంబస్ కేంద్రంగా పనిచేసిన కంప్యుసర్వ్ 1979 నుంచి సామాన్య చందాదారులకు సేవలు అందించింది. దాని పాత్రికేయుల వేదికలో రూమర్‌విల్ అనే దినపత్రం వచ్చేది. దాన్ని సిద్ధం చేసేది ఒక బయటి సంస్థ. వేదికను నిర్వహించేది మరొక సంస్థ. ఆ పత్రం తమపై అపవాదు వేసిందని ప్రత్యర్థి పత్రాన్ని నడపబూనిన క్యూబీ సంస్థ దావా వేసింది. 1991 అక్టోబరు 29న న్యూయార్క్ దక్షిణ జిల్లా ఫెడరల్ న్యాయమూర్తి పీటర్ లీషర్ కంప్యుసర్వ్‌ను అమ్మేవారి తరగతిలో చేర్చాడు. గ్రంథాలయానికో, పుస్తకాల దుకాణానికో ఉన్నంత అదుపే దానికి ఉన్నదని, రాత సంగతి తెలుసుననడానికి ఆధారం లేదని నిర్ణయించాడు. స్మిత్ తీర్పులోని తర్కం కాగితం నుంచి తెరకు చేరింది.

ఐబీఎం, సియర్స్ సంస్థల భాగస్వామ్యంతో నడిచిన ప్రాడిజీ వేరు దారిన పోయింది. కుటుంబమంతా నిశ్చింతగా వాడగలిగిన సేవగా అది తనను తాను ప్రకటించుకుంది. అసభ్యపదాలను పట్టే సాఫ్ట్‌వేర్‌ను వాడింది. చర్చలను పర్యవేక్షించే బోర్డు నాయకులను నియమించింది. 1994 అక్టోబరులో దాని మనీ టాక్ చర్చావేదికలో, స్ట్రాటన్ ఓక్‌మాంట్ అనే షేర్ల దళారీ సంస్థ మోసానికి పాల్పడిందని గుర్తుతెలియని వాడుకరి రాశాడు. ఆ సంస్థ 20 కోట్ల డాలర్లకు దావా వేసింది. రోజుకు 60 వేల సందేశాలు వస్తాయని, అన్నిటినీ చదవడం అసాధ్యమని ప్రాడిజీ వాదించింది. 1995 మేలో న్యూయార్క్ రాష్ట్ర న్యాయమూర్తి స్టువర్ట్ ఐన్ ఆ వాదాన్ని అంగీకరించలేదు. సందేశాలను ఏరివేసే అధికారాన్ని కోరి తీసుకున్నది కనుక దానితో వచ్చే బాధ్యతనూ మోయాలని, ప్రాడిజీ అచ్చువేసేవారి తరగతిలోకి వస్తుందని తీర్పు చెప్పాడు.

రెండు తీర్పులూ అదుపునే కొలబద్దగా తీసుకున్నాయి. విడిగా చూస్తే రెండూ పూర్వన్యాయాలకు అనుగుణమైనవే. కలిపి చదివితే వైపరీత్యం బయటపడుతుంది. వాకిలి ఊడ్చుకున్నవాడికి జరిమానా, ఊడ్వనివాడికి మినహాయింపు అన్న పరిస్థితి ఏర్పడింది. వివేకం గల ఏ సంస్థ అయినా ఇక చీపురు పట్టదు. పైగా ఫిర్యాదిదారు సచ్ఛీలత కూడా తరువాత తేటతెల్లమైంది. స్ట్రాటన్ ఓక్‌మాంట్‌ను షేర్ల వ్యాపారుల జాతీయ సంఘం 1996లో బహిష్కరించింది. 1999లో దాని ప్రధానులు సెక్యూరిటీల మోసానికి నేరం ఒప్పుకున్నారు. పరువునష్టం దావా మోసగాళ్ల చేతిలో ఎలాంటి ఆయుధమో ఈ వ్యాజ్యం చూపింది.

5. 1996 చట్టం, దాని మూల్యం:
ఆ తీర్పును ప్రతినిధుల సభ సభ్యులు క్రిస్టఫర్ కాక్స్, రాన్ వైడెన్ శాసనంతో తిప్పికొట్టారు. ఒకరు రిపబ్లికన్, మరొకరు డెమొక్రాట్. 1995 ఆగస్టు 4న వారి సవరణ 420 - 4 ఓట్లతో నెగ్గింది. అదే ఏడాది జూన్‌లో సెనేట్, నెబ్రాస్కా సెనేటర్ జేమ్స్ ఎక్సన్ ప్రతిపాదించిన అశ్లీలత నిషేధాన్ని 84 - 16 ఓట్లతో ఆమోదించింది. ఒకటి సంస్థలకు స్వేచ్ఛనిచ్చి సొంతంగా శుభ్రం చేసుకోనిమ్మంది. రెండోది శిక్ష భయంతో శుభ్రం చేయించాలనుకుంది. పొసగని ఈ రెండూ ఒకే టెలికమ్యూనికేషన్ల చట్టంలో చేరి 1996 ఫిబ్రవరి 8న అధ్యక్షుడి సంతకం పొందాయి. మరుసటి ఏడాది జూన్ 26న రీనో వర్సెస్ ఏసీఎల్‌యూ తీర్పులో సుప్రీంకోర్టు ఎక్సన్ నిషేధంలోని ముఖ్యభాగాలను రాజ్యాంగ విరుద్ధమని కొట్టివేసింది. కాక్స్, వైడెన్ సవరణ సెక్షన్ 230గా నిలిచింది. ఇతరులు అందించిన సమాచారానికి సేవాసంస్థను ప్రచురణకర్తగా పరిగణించరాదన్నది దాని మొదటి సూత్రం. సదుద్దేశంతో తొలగించినందుకు శిక్షించరాదన్నది రెండోది. ఫెడరల్ నేరచట్టం, మేధోసంపత్తి హక్కులు దీని పరిధికి వెలుపల ఉన్నాయి.

ఈ రక్షణ ఎంతవరకు సాగుతుందన్నది జెరన్ వర్సెస్ అమెరికా ఆన్‌లైన్ వ్యాజ్యంలో తేలింది. 1995 ఏప్రిల్ 19న ఓక్లహోమా సిటీలో జరిగిన బాంబుదాడిలో 168 మంది మరణించారు. ఆరు రోజుల తరువాత, ఆ విషాదాన్ని ఎగతాళి చేసే చొక్కాలు అమ్ముతున్నట్లు ఎవరో అమెరికా ఆన్‌లైన్ బోర్డులో ప్రకటించి, సియాటిల్‌లోని ఒక వ్యక్తి టెలిఫోన్ నంబరు ఇచ్చారు. ఆయనకు ఆ ప్రకటనతో ఏ సంబంధమూ లేదు. బెదిరింపు పిలుపులు వెల్లువెత్తాయి. సంస్థకు ఫిర్యాదు చేసినా కొత్త ప్రకటనలు వస్తూనే ఉన్నాయి. ఫిర్యాదు అందిన తరువాతనైనా సంస్థ బాధ్యత వహించాలన్న ఆయన వాదన పాత అమ్మేవారి సూత్రానికి సరిగ్గా సరిపోతుంది. 1997 నవంబరులో నాలుగో సర్క్యూట్ అప్పీళ్ల న్యాయస్థానం ఆ వాదాన్ని తోసిపుచ్చింది. న్యాయమూర్తి హార్వీ విల్కిన్సన్ దృష్టిలో అమ్మేవారు కూడా ప్రచురణకర్తల్లో ఒక ఉపవర్గమే. తాఖీదుకే బాధ్యత పుడితే, తాఖీదు వచ్చిన ప్రతి మాటనూ సంస్థలు తొలగిస్తాయన్నది ఆయన భయం. స్మిత్ తీర్పులో పాఠకుడి పక్షాన నిలిచిన తర్కం ఇక్కడ ఏ తప్పూ చేయని బాధితుడికి ఎవరిపైనా పరిహారం దొరకని స్థితికి దారితీసింది. రాసినవాడెవరో చివరికీ తెలియలేదు.

6. ఇంగ్లాండు, జర్మనీల మార్గం:
ఇంగ్లాండు 1996 నాటి పరువునష్టం చట్టంలో అమ్మేవారి సూత్రాన్నే నిలబెట్టుకుంది. 1997 జనవరిలో ఒక యూజ్‌నెట్ సమూహంలో తన పేరుతో ఎవరో రాసిన నకిలీ సందేశాన్ని తొలగించమని డెమన్ ఇంటర్నెట్ సంస్థను ఫిర్యాదిదారు కోరాడు. సంస్థ తొలగించలేదు. గాడ్‌ఫ్రే వర్సెస్ డెమన్ ఇంటర్నెట్‌గా ప్రసిద్ధమైన ఆ వ్యాజ్యంలో 1999లో హైకోర్టు, తాఖీదు అందిన క్షణం నుంచి తెలియదన్న సమర్థన చెల్లదని నిర్ణయించింది. అమెరికా సియాటిల్ ఫిర్యాదిదారుకు నిరాకరించినదాన్ని ఇంగ్లాండు ఇచ్చింది.

జర్మనీలో ప్రశ్న నేరచట్టం రూపంలో వచ్చింది. నిషిద్ధ చిత్రాలున్న యూజ్‌నెట్ సమూహాలను అందుబాటులో ఉంచినందుకు కంప్యుసర్వ్ జర్మన్ శాఖ అధిపతిగా పనిచేసిన ఫెలిక్స్ సోమ్‌కు 1998 మేలో మ్యూనిక్ న్యాయస్థానం రెండేళ్ల శిక్ష విధించి, అమలును నిలిపివేసింది. 1999 నవంబరులో పై న్యాయస్థానం ఆయనను నిర్దోషిగా ప్రకటించింది. న్యూయార్క్‌లో పుస్తకాల దుకాణంగా కనిపించిన సంస్థే మ్యూనిక్‌లో నేరస్థలంగా కనిపించింది. 1995లో అచ్చువేసేవారిగా న్యూయార్క్ రాష్ట్ర న్యాయమూర్తి చూసిన ప్రాడిజీని 1999 డిసెంబరులో అదే రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానం మరొక వ్యాజ్యంలో టెలిఫోన్ సంస్థతో పోల్చింది. సేవ స్వభావంలో పెద్ద మార్పేమీ లేదు. చూసే చూపు మారింది.

7. భారతదేశం: టెలిగ్రాఫు నుంచి సెక్షన్ 79 వరకు:
భారతదేశంలో తొలి ప్రశ్న బాధ్యత కాదు, అనుమతి. 1885 నాటి టెలిగ్రాఫు చట్టంలోని నాలుగో సెక్షన్ టెలిగ్రాఫులను నెలకొల్పే ప్రత్యేకాధికారాన్ని ప్రభుత్వానికే ఇచ్చింది. 1986లో మొదలైన ఎర్నెట్ ఎలక్ట్రానిక్స్ శాఖ, ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమాల తోడ్పాటుతో ఐఐటీలను, బెంగళూరు భారతీయ విజ్ఞానశాస్త్ర సంస్థను, బొంబాయి జాతీయ సాఫ్ట్‌వేర్ సాంకేతిక కేంద్రాన్ని కలిపింది. 1995 ఆగస్టు 15న ప్రజలకు ఇంటర్నెట్ సేవ ప్రారంభించిన విదేశ్ సంచార్ నిగమ్ కూడా ప్రభుత్వసంస్థే. 1998 నవంబరు విధానం ప్రైవేటు సంస్థలకు తలుపు తెరిచింది. అప్పుడే మధ్యవర్తి బాధ్యత ప్రశ్న ఇక్కడ ప్రాణం పోసుకుంది.

2000 అక్టోబరు 17న అమలులోకి వచ్చిన సమాచార సాంకేతిక చట్టంలోని సెక్షన్ 79 అమ్మేవారి సూత్రాన్నే స్వీకరించింది. నేరం తనకు తెలియకుండా జరిగిందని, లేదా దాన్ని ఆపడానికి తగిన జాగ్రత్త అంతా తీసుకున్నానని నిరూపించుకుంటే నెట్‌వర్కు సేవాదారుకు మినహాయింపు లభిస్తుంది. నిరూపణభారం సేవాదారుదే. 2004 డిసెంబరులో బాజీ డాట్ కామ్ వేలం వెబ్‌సైటులో ఒక వాడుకరి అశ్లీల దృశ్యాన్ని అమ్మకానికి పెట్టినందుకు సంస్థ అధిపతిని అరెస్టు చేయడం ఆ భారం ఎంతటిదో చూపింది. 2008 సవరణ, 2009 అక్టోబరు నుంచి, సెక్షన్ 79ను తిరగరాసింది. 2015 మార్చి 24న శ్రేయా సింఘాల్ తీర్పులో సుప్రీంకోర్టు, మధ్యవర్తికి తెలియడమంటే న్యాయస్థానం ఉత్తర్వు లేదా ప్రభుత్వ తాఖీదు అందడమేనని వ్యాఖ్యానించింది.

పాత పాఠం మాత్రం సికింద్రాబాద్‌లో మిగిలిపోయింది. ఆస్‌బెస్టాస్ సిమెంటు రేకులు తయారుచేసే విశాఖ ఇండస్ట్రీస్, 2008లో గూగుల్ గ్రూప్స్‌లో వచ్చిన రాతలు తమ పరువు తీశాయని అక్కడి మేజిస్ట్రేటు న్యాయస్థానంలో నేరఫిర్యాదు చేసింది. కేసు కొట్టివేయాలన్న గూగుల్ ఇండియా విజ్ఞప్తిని 2011లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు నిరాకరించింది. 2019 డిసెంబరు 10న సుప్రీంకోర్టు కూడా విచారణను ఆపలేదు. కారణం సెక్షన్ 79 తొలి పాఠంలోని కొద్ది పదాలలో ఉంది. 2000 నాటి మినహాయింపు ఈ చట్టం, దీని నియమాల కింద వచ్చే బాధ్యతకే పరిమితం. శిక్షాస్మృతిలోని పరువునష్టం నేరానికి అది వర్తించదు. అమలులో ఉన్న ఏ చట్టానికైనా మినహాయింపును విస్తరించిన సవరణ ఆ రాతల తరువాతనే అమలులోకి వచ్చింది. గూగుల్ ఇండియా దోషా, నిర్దోషా అన్నది ఆ తీర్పు తేల్చలేదు. విచారణకే వదిలింది.

8. ముగింపు:
నెట్‌వర్కు కొత్తది కనుక చట్టం దానిని అందుకోలేకపోయిందన్న సాధారణ వివరణ ఈ చరిత్రకు చాలదు. 1959 నాటి అమ్మేవారి సూత్రం న్యాయస్థానాలకు అందుబాటులోనే ఉంది. లీషర్ దానిని అన్వయించాడు. ఇంగ్లాండు దానిని నిలబెట్టుకుంది. భారతదేశం 2000లో దానినే రాసుకుంది. అమెరికా 1996లో దానిని తెలిసే పక్కనపెట్టింది. ప్రాడిజీ వంటి సంస్థ శుభ్రత పాటించినందుకు శిక్ష అనుభవించరాదన్న న్యాయమైన ఆలోచన, రెండేళ్లు తిరగకముందే సియాటిల్ బాధితుడికి అన్ని తలుపులూ మూసింది. ఇంగ్లాండు పద్ధతిలో ఆ తలుపు తెరుచుకుంటుంది. అయితే స్ట్రాటన్ ఓక్‌మాంట్ వంటి సంస్థ తాఖీదు ఒక్కటి పంపి నిజం చెప్పేవారి నోరు మూయించడానికీ అదే తలుపు పనికివస్తుంది.

ఏ నిబంధన ఎంచుకున్నా ఎవరో ఒకరిపై భారం పడుతుంది. సంస్థపై వేస్తే మాట్లాడేవారి స్వేచ్ఛ కుంచించుకుపోతుంది. సంస్థను విడిచిపెడితే హాని పొందినవారు ఒంటరివారవుతారు. శ్రేయా సింఘాల్ తీర్పు ఈ చిక్కుకు ఇచ్చిన సమాధానంలో విశేషం ఉంది. మాట చట్టవిరుద్ధమా కాదా అన్న నిర్ణయాన్ని అది ఫిర్యాదిదారు చేతిలోనూ, సంస్థ చేతిలోనూ పెట్టలేదు. న్యాయస్థానం, ప్రభుత్వం ఆ నిర్ణయం చేయాలంది. ఆ భారాన్ని జిల్లాస్థాయి న్యాయస్థానాలు తగిన వేగంతో మోయగలిగినప్పుడే ఆ సమాధానం బాధితుడికి న్యాయం అవుతుంది. 2008 నాటి రాతలపై 2019లో విచారణ ఇంకా కొనసాగవలసి ఉన్నదన్న సికింద్రాబాద్ వ్యాజ్య వాస్తవం, బాధ్యత సూత్రాల చరిత్రను న్యాయపాలన చరిత్రతో కలిపి చదవవలసిన అవసరాన్ని సూచిస్తుంది.